హాల్లోంచి బెడ్‌రూమ్‌కి పది మీటర్లు: ఇంట్లో వైరు నెట్‌వర్క్ ఎందుకు, ఎలా?



ప్రతి పేరెంట్స్ మీటింగ్‌లో కంప్యూటర్ ల్యాబ్ వైపు వచ్చే తల్లిదండ్రులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, మా ఇంట్లో 200 ఎంబీపీఎస్ ప్లాన్ ఉంది. అయినా పాప ల్యాప్‌టాప్‌లోంచి హాల్లో ఉన్న కంప్యూటర్‌లోకి ప్రాజెక్టు వీడియో పంపడానికి గంటలు పడుతోంది. ప్లాన్ మార్చమంటారా?"

మార్చవద్దు. ఆ వీడియో ఇంటర్నెట్‌లోకి వెళ్లడమే లేదు. బెడ్‌రూమ్‌లో బయలుదేరి హాల్లో దిగుతోంది, గుమ్మం దాటడం లేదు. మీరు నెలనెలా కట్టే డబ్బు గుమ్మం బయటి దారికి. లోపలి దారి మీ సొంతం, దాని వేగం మీ చేతిలోనే ఉంది. ఈ తేడా తెలియక ఏటా వేలకు వేలు పెద్ద ప్లాన్లకు పోస్తున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు.

ఈ విషయం నాకు తెలిసి కూడా నిర్లక్ష్యం చేశాను. దానివల్ల ఏం పోగొట్టుకున్నానో ముందు చెబుతాను.

మా నాన్నగారు పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఒక వేసవిలో ఆదివారం ఆదివారం ఆయన్ని కూర్చోబెట్టి, మా పిల్లలు అడిగే ప్రశ్నలకు ఆయన చెప్పే కబుర్లను ఫోన్‌లో రికార్డు చేశాను. ఔటర్ హార్బర్‌కి మొదటి పెద్ద ఓడలు వచ్చిన రోజులు, కిరండోల్ నుంచి ఘాట్ దిగి వచ్చే ఇనుప ఖనిజం రేకులు, హుద్‌హుద్ తుపాను రాత్రి వాళ్లు ఎక్కడ తలదాచుకున్నారో... మొత్తం పదకొండు వీడియోలు. అన్నీ కలిపి 60 జీబీ. వాటిని నా ల్యాప్‌టాప్‌లో వేసుకుని, హాల్లోని కంప్యూటర్‌లో ఇంకో కాపీ పెడదామని ఒక రాత్రి వైఫై మీద కాపీ మొదలుపెట్టాను. నాలుగు గంటలకు పైగా పడుతుందని చూపించింది. నిద్రపోయాను. మధ్యలో కరెంటు పోయి రూటర్ ఆగింది. పొద్దున చూస్తే నాలుగు వీడియోలే వెళ్లాయి. మర్నాడు మళ్లీ మొదలుపెడితే ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోయింది. ఈలోగా ఫోన్ నిండిపోతోందని అందులోవి చెరిపేశాను. "వచ్చే ఆదివారం చూద్దాంలే" అని అలా మూడు నెలలు గడిపేశాను. ఒకరోజు మంచం మీంచి ల్యాప్‌టాప్ జారి కింద పడింది. హార్డ్‌డిస్క్ టక్‌టక్‌మని రెండు రోజులు మూలిగి ఆగిపోయింది. అప్పటికి నాన్నగారు పోయి ఐదు వారాలు.

నాలుగు వీడియోలు మిగిలాయి. ఆ 60 జీబీ వైరు మీద పంపి ఉంటే తొమ్మిది పది నిమిషాల పని.

లెక్క ఇలా ఉంటుంది. నెట్‌వర్క్ వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు, ఫైలు సైజును మెగాబైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 ఎంబీ కాదు, పన్నెండున్నర. అందులోనూ దారి ఖర్చులు పోగా చేతికి వచ్చేది పదకొండు చిల్లర. మా ఇంట్లో రెండు గోడల అవతల వైఫై సెకనుకు నాలుగు ఎంబీ ఇచ్చేది. అంటే 60 జీబీకి నాలుగు గంటల పైన. వంద ఎంబీపీఎస్ పోర్టుకు వైరు తగిలిస్తే గంటన్నర. గిగాబిట్ వైరు అయితే సెకనుకు 110 ఎంబీ దాకా వస్తుంది, తొమ్మిది నిమిషాలకు కాస్త అటూ ఇటూ. కొత్త రూటర్, కొత్త ల్యాప్‌టాప్ ఉండి, రెండూ ఒకే గదిలో ఉంటే వైఫై కూడా బాగానే పరుగెడుతుంది, కాదనను. గోడ అడ్డు రాగానే కథ మారుతుంది.

ఎందుకు మారుతుంది? మొదటి కారణం మన ఊరి ఉక్కే. అపార్ట్‌మెంట్ స్లాబుల్లో, స్తంభాల్లో ఇనుప ఊచలు అల్లి కాంక్రీటు పోస్తాం. రేడియో తరంగాలకు ఆ ఇనుప వల పెద్ద అడ్డు. రెండోది ఇరుగుపొరుగు. ఎంవీపీ కాలనీలోనో గాజువాకలోనో ఏ ఫ్లాట్‌లో నిలబడి ఫోన్‌లో వైఫై జాబితా తెరిచినా పదిహేను ఇరవై పేర్లు కనబడతాయి. అందరూ ఒకే గాలిని పంచుకుంటున్నారు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగాలి. మూడోది చాలామందికి తట్టనిది: ల్యాప్‌టాప్ నుంచి కంప్యూటర్‌కు వైఫైలో ఫైలు నేరుగా వెళ్లదు. ముందు రూటర్‌కి వెళ్లి, అక్కడినుంచి మళ్లీ గాలిలోనే రెండో కంప్యూటర్‌కి రావాలి. ఒకే దారిని రెండుసార్లు వాడుకున్నట్టు. సగం వేగం అక్కడే పోతుంది.

నాన్నగారి మాటల్లో చెప్పాలంటే, ఖనిజాన్ని లారీల్లో వేస్తే జంక్షన్ జంక్షన్‌కీ ఆగాలి, బెల్టు మీద వేస్తే తిన్నగా ఓడ దగ్గరికే పోతుంది. వైఫై సాయంత్రం ఆరింటికి ఎన్ఏడీ జంక్షన్ లాంటిది. వైరు కన్వేయర్ బెల్టు. వైరులో రాకకూ పోకకూ ఒకేసారి దారి ఉంటుంది, పక్కింటివాళ్ల బండి అందులోకి రాదు.

ఇది కొత్త విద్యేమీ కాదు. ఈథర్‌నెట్ అన్న పేరును అమెరికాలోని జిరాక్స్ సంస్థ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్ 1973 మే 22న రాసిన ఒక మెమోలో మొదట వాడారు. అప్పట్లో దాని వేగం మూడు ఎంబీపీఎస్ కూడా లేదు. మామూలు రాగి తీగ మీద గిగాబిట్ వేగానికి ప్రమాణం 1999లో వచ్చింది. అంటే మన పదో తరగతి పిల్లలకంటే పాతది. అయినా మన ఇళ్లలో ఎక్కువచోట్ల ఆ వేగం అందడం లేదు.

ఇప్పుడు పనిలోకి దిగుదాం.

ముందు మీ ఫైబర్ పెట్టె వెనక్కి తిప్పి చూడండి. కనెక్షన్‌తో పాటు ఇచ్చే పెట్టెల్లో చాలావాటికి ఒక పోర్టు మాత్రమే గిగాబిట్, మిగతావి 100 ఎంబీపీఎస్. కొన్నింటికి అన్నీ వందే. గిగాబిట్ పోర్టు పక్కన 'జీఈ' అనో, 'గిగా' అనో ఉంటుంది, లేదా రంగు వేరుగా ఉంటుంది. అన్నీ వందవే అయినా దిగులు పడకండి. ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్ అని ఒక చిన్న పెట్టె దొరుకుతుంది. సెట్టింగులేవీ ఉండవు, అడాప్టర్ పెట్టి తగిలించడమే. మామూలు కంపెనీవి వెయ్యీ, పదిహేను వందల రూపాయల్లో వస్తాయి. మీ కంప్యూటర్లన్నీ ఆ స్విచ్‌కి, స్విచ్ నుంచి ఒక వైరు ఫైబర్ పెట్టెకి. ఇంట్లో ఫైళ్లు స్విచ్ దగ్గరే మలుపు తిరిగి పోతాయి, పాత పెట్టె వేగంతో వాటికి పనిలేదు. కొనేటప్పుడు డబ్బా మీద '10/100/1000' అని ఉందో లేదో చూడండి. '10/100' అని ఉంటే సగం ధరకే ఇస్తామన్నా తీసుకోకండి.

రెండో కొనుగోలు కేబుల్. ఇక్కడే మోసపోయేది. క్యాట్ 5ఈ చాలు, కొత్తగా వేస్తున్నారు కాబట్టి క్యాట్ 6 వేయించండి. రెండూ 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తాయి, మన ఇంట్లో పాతిక మీటర్లు దాటవు. క్యాట్ 7, క్యాట్ 8 అంటూ దుకాణంలో చెప్పేవి ఇంటికి అనవసరం. చూడాల్సింది లోపలి తీగ. అసలు రాగిదా, లేక అల్యూమినియం మీద రాగి పూత పూసినదా? రెండో రకాన్ని 'సీసీఏ' అంటారు. పైకి ఒకేలా ఉంటాయి. ఒక తీగను బ్లేడుతో గీరండి. లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియం. నాలుగైదుసార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కున తెగుతుంది కూడా. మనది సముద్రపు ఊరు. బీచ్ రోడ్డు పక్క ఇళ్లలో కిటికీ ఊచలు, ఏసీ బయటి పెట్టెలు ఎంత త్వరగా తుప్పు పడతాయో మీకు చెప్పక్కర్లేదు. ఉప్పుగాలికి పూత లేచిన చోట ఈ తీగలూ అలాగే పాడవుతాయి. డాబాగార్డెన్స్‌లోనో ద్వారకానగర్‌లోనో కొంటున్నప్పుడు "ప్యూర్ కాపర్" అని బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి వెనకాడితే ఇంకో దుకాణం ఉండనే ఉంది.

కేబుల్ వేయడం మీ ఇంటిని బట్టి ఉంటుంది. సొంత ఇల్లు కట్టుకుంటున్నవారు ప్లాస్టరింగ్‌కు ముందే ప్రతి గదికీ విడిగా ఒక పైపు వేయించుకోండి. తర్వాత గోడ పగలగొట్టే ఖర్చుతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. అద్దె ఇళ్లలో, ఉక్కునగరం క్వార్టర్లలో గోడ ముట్టుకోలేం కాబట్టి అంచు వెంబడి తెల్లటి పీవీసీ కేసింగ్ పట్టీ అతికించి అందులోంచి తీసుకెళ్లాలి. తలుపు కింద సందులోంచి పోవాల్సి వస్తే ఆ కొద్దిమేర బల్లపరుపు కేబుల్ దొరుకుతుంది. కరెంటు వైర్లు ఉన్న పైపులోనే ఈ కేబుల్ దూర్చవద్దు. ఎలక్ట్రీషియన్ "ఏం కాదు మేడమ్, అందరూ ఇలాగే వేస్తారు" అంటారు. ఒప్పుకోవద్దు. వేగం సంగతి తర్వాత, ఇన్సులేషన్ దెబ్బతింటే 230 వోల్టులు మీ పిల్లవాడి ల్యాప్‌టాప్‌లోకి వస్తాయి. రెండూ పక్కపక్కనే పోవాల్సి వస్తే జానెడు పైనే ఎడం ఉంచండి. ఒకదాన్ని ఒకటి దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

చివర్లలో ఆర్‌జే45 కనెక్టర్ బిగించాలి. కేబుల్ అబ్బాయిలు చేసేస్తారు, మీరూ చేసుకోవచ్చు. మా తొమ్మిదో తరగతి పిల్లలు మూడో ప్రయత్నానికి సరిగ్గా బిగిస్తున్నారు. కనెక్టర్ మీది కొక్కెం కిందికి ఉండేలా పట్టుకుని, ఎడమ నుంచి కుడికి రంగుల వరస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. దీన్ని టీ568బీ వరస అంటారు. రెండు చివర్లా ఇదే ఉండాలి. ఆకుపచ్చ జతను విడదీసి నీలం జతకు అటొకటి ఇటొకటి ఎందుకు పెట్టారని పిల్లలు అడుగుతారు. మధ్య రెండు గడులు పాతకాలపు టెలిఫోన్ వైరుకు సరిపోయేలా ఉంచిన వరస అది.

ఈ రంగులు ఎందుకింత వివరంగా చెప్పానంటే, వంద ఎంబీపీఎస్‌కు నాలుగు తీగలు చాలు, నారింజ జత, ఆకుపచ్చ జత. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. ఒక్క గోధుమ తీగ సరిగ్గా తగలకపోయినా నెట్ వస్తుంది, యూట్యూబ్ ఆడుతుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. వేగం మాత్రం చడీచప్పుడు లేకుండా పదో వంతుకు పడిపోతుంది. మా ఇంట్లో వైరు వేశాక సరిగ్గా ఇదే జరిగింది. వారం రోజులు స్విచ్‌ని తిట్టుకున్నాను. చివరికి చూస్తే నేనే బిగించిన కనెక్టర్‌లో గోధుమ తీగ చివరిదాకా దూరలేదు.

కాబట్టి వైరు తగిలించగానే మొదట చూడాల్సింది స్పీడ్ టెస్ట్ కాదు. విండోస్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఈథర్‌నెట్ తెరిస్తే 'లింక్ స్పీడ్' అని ఉంటుంది. అక్కడ 1000 ఉండాలి. 100 ఉంటే కనెక్టరో, కేబులో, పోర్టో, మూడింట్లో ఒకటి దొంగ. కేబుల్ మార్చి చూస్తే సగం సందేహం తీరుతుంది. ఇప్పటి సన్నని ల్యాప్‌టాప్‌లకు ఈ పోర్టే ఉండటం లేదు. యూఎస్‌బీ నుంచి ఈథర్‌నెట్ అడాప్టర్ తీసుకోవాలి. యూఎస్‌బీ 3.0 గిగాబిట్ అని ఉన్నది తీసుకుని, దాన్ని ల్యాప్‌టాప్‌లోని 3.0 గడిలోనే పెట్టండి. 2.0 గడిలో పెడితే సెకనుకు ముప్పై నలభై ఎంబీ దగ్గర ఆగిపోతుంది.

వైరు పడ్డాక ఫోల్డర్ పంచుకోవాలి. హాల్లోని కంప్యూటర్‌లో ఆ నెట్‌వర్క్‌ను 'ప్రైవేట్' అని మార్చండి, నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ షేరింగ్ ఆన్ చేయండి. ఒక్క ఫోల్డర్ చేసి, దానిపై కుడి క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్. పంచుకోవడం పేరుతో మొత్తం డ్రైవ్ తెరిచిపెట్టకండి. 'ఎవ్రీవన్' అన్నదానికి బదులు ఆ కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ ఉన్న ఒక యూజర్‌ని చేసి ఆ పేరుకే అనుమతి ఇవ్వండి. ల్యాప్‌టాప్ నుంచి తెరిచినప్పుడు అడిగేది ఆ పాస్‌వర్డే, తెర తెరవడానికి మీరు నొక్కే నాలుగంకెల పిన్ కాదు. ఇక్కడ తికమకపడి పని వదిలేసినవాళ్లు నాకు కనీసం పదిమంది తెలుసు. ల్యాప్‌టాప్‌లో వైఫై కూడా ఆన్‌లో ఉంటే ఆ కాసేపు ఆపండి, ఫైలు ఏ దారిన పోతోందో అనుమానం ఉండదు.

అన్నీ సరిగ్గా ఉన్నా వేగం తగ్గిందంటే పాపం వైరుది కాకపోవచ్చు. పాత హార్డ్‌డిస్కులు రాసే వేగమే తక్కువ. పెన్‌డ్రైవ్‌లు ఇంకా నెమ్మది. పదివేల చిన్న ఫొటోలు, అదే సైజు ఒక్క వీడియో కంటే చాలా ఎక్కువసేపు తీసుకుంటాయి. ఒక్కో ఫైలుకూ తెరవడం, మూయడం అనే తంతు ఉంటుంది కదా.

ఫోన్‌కు వైరు ఎలా? ఫోన్‌లోవి డేటా కేబుల్‌తో ల్యాప్‌టాప్‌లోకి దించి, అక్కడినుంచి నెట్‌వర్క్ మీద పంపడం నా పద్ధతి. చార్జింగ్ కేబుల్స్ కొన్నిటిలో డేటా తీగలే ఉండవు. ఫోన్ చార్జ్ అవుతూ కంప్యూటర్‌లో కనబడకపోతే ముందు కేబుల్‌ను అనుమానించండి.

రెండు జాగ్రత్తలు. వైఫై దూరం పెంచడానికి రెండో రూటర్ కొని వైరుతో కలిపేవారు, దాని 'వాన్' గడిలో కాకుండా 'లాన్' గడిలో వైరు పెట్టి, అందులో డీహెచ్‌సీపీ ఆపేయాలి. లేకపోతే ఇంట్లో రెండు వేరు కాపురాలవుతాయి, ఆ గదిలోని ప్రింటర్ ఈ గదికి కనబడదు. ఇంకొకటి, ఒకే వైరు రెండు చివర్లనూ అదే స్విచ్‌లో గుచ్చితే నెట్‌వర్క్ మొత్తం స్తంభించిపోతుంది. మా చిన్నవాడు సరదాగా చేశాడు. కారణం కనిపెట్టడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది.

ఏప్రిల్, మే నెలల్లో ఉరుములు మెరుపులు మొదలైతే, అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక వస్తే అడాప్టర్లు, వైర్లు ఊడదీయండి. గాజు ఫైబర్ పిడుగు విద్యుత్తును మోయదు, రాగి మోస్తుంది. అందుకే మేడ మీది వాటా నుంచి ఎదురింటికి రాగి కేబుల్ వేలాడదీయడం మంచిది కాదు.

హుద్‌హుద్ గురించి ఇక్కడ చెప్పాలి. 2014 అక్టోబరు 12, ఆదివారం. గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలి మన ఊరి మీదుగా పోయింది. స్తంభాలు, టవర్లు పడిపోయాయి. ఫోన్లు మూగబోయి, పక్క వీధిలోని అమ్మానాన్నల క్షేమం కూడా నడిచి వెళ్లి తెలుసుకున్నాం. ఆ తర్వాతి ఏళ్లలోనే రాష్ట్రం సొంతంగా ఫైబర్‌నెట్ వేసుకుంది. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్, టీవీ, ఫోన్ ఇచ్చే ఆ పథకాన్ని 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. ఇప్పుడు మన ఊరు ఇంకో మెట్టు ఎక్కుతోంది. విశాఖలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో డేటా సెంటర్, సముద్రగర్భ కేబుళ్లు దిగే కేంద్రం కడతామని 2025 అక్టోబరు 14న గూగుల్ ప్రకటించింది. ఖండాల మధ్య సముద్రం అడుగున వైరు వేస్తున్నవాళ్లు ఇంట్లో చివరి పది మీటర్లను గాలికి వదిలేయమనలేదు. అది మనం చేసుకున్నదే.

హుద్‌హుద్‌లో ఇళ్లలోకి నీళ్లు వచ్చిన కుటుంబాలకు కంప్యూటరూ పోయింది, దాని పక్కనే సొరుగులో పెట్టిన కాపీ డిస్కూ పోయింది. అందుకే రెండు కంప్యూటర్లలో కాపీలున్నా, మూడోది ఇంకో ఇంట్లో ఉండాలి. మా ఇంట్లో ఇప్పుడు నెల మొదటి ఆదివారం ల్యాప్‌టాప్‌లోవి వైరు మీద హాల్లోకి వెళతాయి, పావుగంట కూడా పట్టదు. దసరాకీ సంక్రాంతికీ అక్కడినుంచి ఒక బయటి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి శ్రీకాకుళంలో మా అక్కయ్య ఇంట్లో పెడతాను. కాపీ అయిపోయిందని తెర మీద వచ్చినా, ఒకటి రెండు వీడియోలు తెరిచి చూశాకే ఫోన్‌లోవి చెరుపుతాను.

ఖర్చు మొత్తం చెప్పమంటారా? స్విచ్, ఇరవై మీటర్ల కేబుల్, కనెక్టర్లు, కేసింగ్ పట్టీ, ఒక యూఎస్‌బీ అడాప్టర్ కలిపి రెండు వేల ఐదు వందల నుంచి మూడు వేల ఐదు వందల లోపు. అడాప్టర్ అక్కర్లేనివారికి ఇంకా తక్కువ.

వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజు ల్యాబ్‌లో రెండు బల్లల మీద కేబుల్ ముక్కలు, కనెక్టర్లు, క్రింపింగ్ టూల్, టెస్టర్ పెడుతున్నాం. తొమ్మిదో తరగతి పిల్లలు దగ్గరుండి చూపిస్తారు. వచ్చేటప్పుడు మీ ఫైబర్ పెట్టె వెనక భాగం ఫొటో ఒకటి, కంప్యూటర్‌లో 'లింక్ స్పీడ్' కనిపించే తెర ఫొటో ఒకటి తీసుకురండి. ఏం కొనాలో, ఏం కొనక్కర్లేదో అక్కడే చెబుతాం.

— కంప్యూటర్ విభాగం, విశాఖపట్నం క్యాంపస్